మూడూ మేకుల మీదే

ఈ ఉదయం మా సీతాఫల్‌మండి సందులోకి కత్తులకు సాన పట్టే తాత వచ్చాడు. సైకిల్‌కు స్టాండు వేసి, సాన చక్రానికి బెల్టు తగిలించి, ఎదురింటివాళ్ల కూరగాయల కత్తి అందుకుని పెడల్ తొక్కడం మొదలుపెట్టాడు. నేను రెండో అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. ముందు కీచుమనే చప్పుడు, దాని వెనకే కాలిన ఇనుము వాసన పైకి వచ్చాయి. చేతిలో తడి చున్నీ అలాగే ఉండిపోయింది. కింద నలుగురైదుగురు పిల్లలు రవ్వలు ఎగిరే వైపే చేరి, అరచేతులు చాపి, చుక్కలు పట్టుకుంటున్నట్టు ఆడుతున్నారు. "చక్రానికి ఎదురుగా ఎవరూ నిలబడొద్దు! పక్కకు జరగండి!" అని అరిచాను. పిల్లలు జరిగారు. తాత కూడా తలెత్తి చూశాడు. లోపల కుట్టు మిషన్ ఆగింది. "ఏందే శ్రావణీ, సందంత ఉలిక్కిపడ్డది. నీకు గింత గొంతు యాడికెల్లి వచ్చింది?" అంది అమ్మ.

ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మకు తెలుసు. ఊరికే అంటుంది. ఇంజనీరింగ్ రెండో ఏడులో, రోజూ క్లాసులో కూర్చునే నాకు హాజరు తక్కువైందని ఇంటికి ఉత్తరం వచ్చింది. పేరు పిలిచినప్పుడు నేను పలికేదాన్నే, వినపడేది కాదు. ఆ సంగతి ఆఫీసులో చెప్పడానికి కూడా అమ్మే వచ్చింది. అనలేకపోయిన మాటలన్నీ ఇంటికి వచ్చి డైరీలో రాసుకునేదాన్ని. గట్టిగా అనవలసిన మాట ఒకటి ఉంటుందని, అది అనకపోతే ఇంకొకరి చెయ్యి తెగుతుందని నాకు నేర్పినవారు దయానందం సార్. ఆయన మాకు పాఠం చెప్పిన మాస్టారు కాదు. రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరైన మనిషి. మెట్టుగూడలో మేము రోబోలతో కుస్తీలు పెట్టే గోదాము పక్కిల్లు ఆయనది.

రోబోల కుస్తీ ఎప్పుడూ చూడనివారికి రెండు ముక్కలు చెప్పాలి. ఇరవై అడుగుల చదరపు పెట్టె. ఇనుప నేల, చుట్టూ పగలని మందపాటి ప్లాస్టిక్ గోడలు, ఒకటే తలుపు. లోపల రెండు బండ్లు. ఒక్కోటి సూట్‌కేసంత ఉంటుంది కానీ ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ఒకదానికి గిర్రున తిరిగే పళ్ల డ్రమ్ము, ఇంకోదానికి కోత బిళ్ల. బయట నిలబడి రిమోట్‌తో నడుపుతారు. వాటి కొట్లాట చాలదన్నట్టు పెట్టె కూడా వాటిని కొడుతుంది. ఒక మూల నేలలో గుంత, దాని పైన గాలి ఒత్తిడితో దబ్బున దిగే సమ్మెట. ఓడిపోతున్న బండిని ఎదుటి బండి ఆ మూలకే తోస్తుంది. జనం చప్పట్లు కొట్టేదీ అప్పుడే. ఆ చప్పుడు భరించలేక పోట్లాడటానికే సార్ మొదటిసారి గోదాములోకి వచ్చారట. ఆయన వచ్చేసరికి సమ్మెటకు గాలి ఉండగానే ఒక కుర్రాడు లోపలికి దూరి, దాని కిందున్న బండిని లాగుతున్నాడు. చప్పుడు మాట మరిచిపోయి, వాణ్ణి కాలరు పట్టుకుని బయటికి లాగి, "ఇక్కడ పెద్దదిక్కు ఎవరు?" అని అడిగారట. ఎవరూ పలకలేదు. మర్నాటి నుంచి ఆయనే.

నేను ఆ గోదాముకు వెళ్లింది దస్తూరి బాగుంటుందని. ఏ జట్టు బండి ఎంత బరువు, ఎవరి బ్యాటరీ ఎప్పుడు ఛార్జింగుకు పెట్టారు, ఇవి రాయడం నా పని. పని లేనప్పుడు ఇసుక బకెట్ల వెనక కూర్చుని నవల చదువుకునేదాన్ని. ఒకరోజు పుస్తకం మీద నీడ పడింది. తల నెరిసిన, సన్నటి, నిటారుగా ఉన్న మనిషి. "ఏమ్మా, బ్యాటరీ అంటుకుంటే ఈ ఇసుకే దిక్కు. బకెట్లకు ఏదీ అడ్డం ఉండకూడదు. నువ్వు కూడా" అన్నారు. లేచి నిలబడ్డాను. వెళ్లిపోతారనుకుంటే, పెట్టె వైపు వేలు చూపించి అడిగారు: "అందులో అన్నిటికంటే ప్రమాదమైంది ఏది?" నేను డ్రమ్ము అన్నాను. తల అడ్డంగా ఊపారు. సమ్మెట అన్నాను. "ఆగిపోయిన బండి" అన్నారు ఆయన. "తిరిగేదాని దగ్గరికి ఎవడూ పోడమ్మా, భయం కాపాడుద్ది. ఆగినదాని దగ్గరికే అందరం చెయ్యి పెడతాం."

తలుపు పక్కన ఆయన ఒక చెక్క బోర్డు బిగించారు. దానికి మూడు మేకులు. ఒకటి సమ్మెటకు గాలినిచ్చే పంపు తాళంచెవికి. గాలి కట్టేస్తేగాని ఆ చెవి బయటికి రాదు. మిగతా రెండూ బండ్ల లింకులకు. లింక్ అంటే బొటనవేలంత ప్లగ్గు. అది లాగేస్తే బ్యాటరీకి, మోటార్లకు సంబంధం తెగిపోతుంది. కుస్తీ ముగిశాక ముందు తాళంచెవి మేకు మీదికి రావాలి. అప్పుడు జట్టుకు ఒక్కరు చొప్పున లోపలికి వెళ్లి, తమ బండి లింక్ లాగి, దాని ఆయుధానికి అడ్డకడ్డీ గుచ్చి, లింక్ తెచ్చి మేకుకు తగిలించాలి. బండిని మోసేవాళ్లు లోపలికి అడుగు పెట్టేది మూడు మేకులూ నిండాకే. నిండాయని చెప్పే పని నాకు పెట్టారు. కాగితం మీద రాసి చూపిస్తానన్నాను. ఒప్పుకోలేదు. "రాత చూడాలంటే తల తిప్పాలి. తల తిప్పినవాడి చెయ్యి ఎక్కడుందో వాడికే తెలీదు. నోటితో చెప్పు" అన్నారు.

రైలింజనులో అలాగే చేస్తారట. ఎదురుగా సిగ్నల్ ఇద్దరికీ కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఒకరు రంగు పేరు పైకి అంటారు, రెండోవారు అదే మాట తిరిగి అంటారు. మా గోదాములోనూ అదే పద్ధతి. నేను "మూడూ మేకుల మీదే!" అనాలి. సార్ "మేకుల మీదే!" అనాలి. ఆ తర్వాతే మోసేవాళ్లు కదలాలి. మొదటి రోజు నేనన్నది నాకే వినపడలేదు. "వినపడలా" అన్నారు. మళ్లీ అన్నాను. "వినపడలా." నాలుగోసారికి కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం లేచింది. "మేకుల మీదే!" అని ఆయన బదులిస్తే రేకుల కప్పు మోగింది. ఆయన చర్చి పాటల బృందంలో మంద్రస్వరం పాడతారని అప్పటికి నాకు తెలియదు. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే ఉంది: "నేనన్న మాట ఇంకొకరి నోటి నుంచి తిరిగి వచ్చింది."

ఏ లింక్ ఎవరిదో తెలియడానికి వాటికి గుడ్డ పీలికలు కట్టేదాన్ని. ప్రతి కుస్తీలో ఒక జట్టుకు ఎరుపు, ఇంకో జట్టుకు నీలం. అమ్మ జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలే. అంచు పోగులు ఊడకుండా అమ్మ పళ్ల కత్తెరతో కత్తిరిస్తుంది, అందుకే పీలికల అంచు రంపంలా ఉండేది. మా క్లాసు శ్రీకాంత్ జట్టు బండి పేరు గిర్నీ. డ్రమ్ము తిరిగితే నిజంగానే పిండి మర చప్పుడు. ఆ రోజు పోటీకి ముందు శ్రీకాంత్ నా దగ్గరికి వచ్చి, "మేడంగారూ, జెర ఇంకో పీలిక ఇయ్యున్రి. స్పేర్ లింక్‌కి సుత కడ్తా. దిష్టి తగల్తలేదు దీనికి, అందుకే గెలుస్తున్నం" అని నవ్వించాడు. ఒక లింక్‌కు ఒకటే పీలిక అని సార్ చెప్పి ఉన్నారు. కాదనడం నాకు చేతకాలేదు. ఇచ్చాను.

ఆ కుస్తీలో గిర్నీ గెలిచింది. ఎదుటి బండి బ్యాటరీ పొగ కక్కింది. తాళంచెవి మేకు మీదికి వచ్చింది. సార్ ఇసుక బకెట్ పట్టుకుని, మాకు వీపు పెట్టి, ఆ పొగ బండి దగ్గర వంగి ఉన్నారు. దాని జట్టు కుర్రాడు లింక్ తెచ్చి తగిలించాడు. శ్రీకాంత్ కూడా లోపలికి వెళ్లి వచ్చి లింక్ తగిలించాడు. ఎర్ర పీలిక. దాని అంచు రంపంలా, అప్పుడే కత్తిరించినట్టు, శుభ్రంగా ఉంది. మూడు నిమిషాల కుస్తీలో పొగలో, నూనెలో ఉన్న గుడ్డ అలా ఉండదు. అది నేను చూశాను. చూశానన్న సంగతి కూడా నాకు తెలుసు. అడిగితే శ్రీకాంత్ ఏమనుకుంటాడో అనిపించింది, అతనికి తెలియకుండా ఉంటుందా అని కూడా అనిపించింది. అంతలో వాళ్లు "మేడం, జల్దీ" అన్నారు. నేను "మూడూ మేకుల మీదే!" అన్నాను. సార్ తల తిప్పకుండా, నా మాట మీదే, "మేకుల మీదే!" అన్నారు.

అసలు లింక్ వేడికి కరిగి గూట్లో అతుక్కుపోయిందట. అడ్డకడ్డీ దూరే రంధ్రం దెబ్బలకు వంగిపోయిందట. డ్రమ్ము ఆగే ఉంది కదా, బయటికి తెచ్చాక తీయొచ్చని, జేబులో ఉన్న స్పేర్ లింక్‌ను శ్రీకాంత్ మేకుకు తగిలించాడు. మోసేవాడు గిర్నీ కింద చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడే బయట రిమోట్ పట్టుకున్నవాడు దాన్ని సంచిలో కుక్కాడు, మీట ఒత్తుకుంది. డ్రమ్ము ఒక్కసారి గుర్రుమంది. సార్ తిరిగి చూసిందీ, చేతిలోని బకెట్‌ను డ్రమ్ముకూ ఆ అబ్బాయి వేళ్లకూ మధ్య తోసిందీ నాకు ఒకే కదలికగా కనపడ్డాయి. డ్రమ్ము బకెట్‌ను చీల్చి విసిరికొట్టింది. అబ్బాయికి చేతి తొడుగు చిరిగింది, అంతే. సార్ కుడి మణికట్టు విరిగింది. నేల మీద ఇసుకలో కూర్చుని, ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఆయన ముందు నన్నే అడిగారు. "మూడూ చూశావా?" నేను తల ఊపాను. ఊపిన తలలో ఎంత అబద్ధం పట్టిందో ఆయనకు తెలియదు.

తప్పు శ్రీకాంత్‌దని తేలిపోయింది. జట్టును ఆ ఏడాదికి పక్కన పెట్టారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. "పాపం, ఆమెకేం తెల్సు, పీలిక ఎర్రగనే ఉండె కద" అని శ్రీకాంతే నా తరఫున చెప్పాడు. అది వినడం అన్నిటికంటే కష్టమైంది. నాలుగు రోజులు డైరీలో రాశాను, కొట్టేశాను. ఐదో రోజు సాయంత్రం ఆ పేజీ తీసుకుని సార్ ఇంటికి వెళ్లాను. ఆయన భార్య సరోజమ్మగారు తలుపు తీశారు. సార్ కట్టుతో ఉన్న చేతిని దిండు మీద పెట్టుకుని, ఎడమ చేత్తో కష్టపడి టీ తాగుతున్నారు. కూర్చోమన్నారు. కూర్చుంటే చదవలేనని నిలబడే చదివాను. రెండో పీలిక ఇచ్చానని, అంచు శుభ్రంగా ఉండటం చూశానని, చూసి కూడా మూడు అన్నానని.

ఆయన టీ కప్పు కింద పెట్టారు. సరోజమ్మగారే "చిన్నపిల్ల, పోనివ్వండి" అన్నారు.

"చిన్నపిల్లని కాదు నేను నిలబెట్టింది" అన్నారు సార్. తర్వాత నా వైపు తిరిగారు. "నాకు చదివావు, బాగానే ఉంది. కానీ చెయ్యి పెట్టేది నేనొక్కణ్ణే కాదుగా. వచ్చే పోటీ రోజు అందరి ముందు చదువు. మా డిపార్ట్‌మెంటులో అంతే. ఎవడి తప్పు వాడే చదవాలి, ఇంకోడు చదివితే అది చాడీ."

"నా వల్ల కాదు సార్."

"అయితే ఆ బోర్డు దగ్గరికి రావొద్దు. కోపంతో అంటంలా. చదవలేనిదానివి, చూసింది చెప్పలేవు. రెండూ ఒకటే పని."

రావొద్దన్న మాట నాకు సుఖంగా ఉండాలి. నాకు కావలసిన మూల అదే కదా, పుస్తకం, ఎవరూ పిలవని చోటు. కానీ ఇంటికి నడిచి వస్తుంటే కాళ్లలోకి ఒక మొండితనం ఎక్కింది. ఆ బోర్డు ఇంకొకరికి ఇస్తారని తలుచుకుంటే ఓర్చుకోలేకపోయాను. రెండు నెలలు అమ్మ మిషన్ పక్కన నిలబడి ఆ పేజీ చదివాను. మిషన్ చప్పుడు మీద వినపడేదాకా చదివాను. అమ్మ ముందు నవ్వింది, తర్వాత కావాలనే పెడల్ జోరుగా తొక్కేది. "ఇనబడ్తలే బిడ్డా, ఇంకింత" అనేది.

పోటీ రోజు గోదాము నిండిపోయింది. మొదటి కుస్తీకి ముందు పెట్టె ముందర నిలబడి చదివాను. వెనక వరసదాకా వినపడింది. ముగించాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అది కొట్టే సందర్భం కాదు. చివరి వరసలో శ్రీకాంత్ లేచాడు. అతని జట్టుకు ఆ రోజు ఆట లేదు, ఊరికే చూడటానికి వచ్చాడు. "స్పేర్ లింక్ తగిలించింది నేను. ఆమెను పీలిక అడిగింది సుత నేనే" అని కూర్చున్నాడు. సార్ మణికట్టు ఇంకా కుదురుకోలేదు. డాక్టరు పెట్టె దగ్గరికి పోవద్దన్నాడని ఆయన ముందు వరసలో ప్రేక్షకుడిగా ఉన్నారు. బోర్డు దగ్గర నేను, బదులు చెప్పడానికి పోటీ నిర్వాహకుడు.

ఆఖరి కుస్తీ నీలం జట్టు గెలిచింది. వాళ్ల బండి గుంత అంచు మీద సగం వేలాడుతూ ఆగింది. తాళంచెవి వచ్చింది. ఎర్ర లింక్ వచ్చింది. నీలం జట్టు కుర్రాడు లోపలికి వెళ్లి ఉత్త చేతులతో బయటికి వచ్చాడు. లింక్ లాగానని, చేతిలోంచి జారి ఎటో పడిందని అన్నాడు. అందరూ మోసుకురావడానికి లేచారు. నేను "రెండే!" అన్నాను.

"తీసిండు కదమ్మా, నేను జూసిన" అన్నాడు నిర్వాహకుడు. బహుమతులు ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషి వాచీ చూసుకుంటున్నాడు. ఆయనకు ఇంకో సభ ఉంది. నేను తలుపుకు అడ్డంగా నిలబడి మళ్లీ "రెండే!" అన్నాను. నిర్వాహకుడు మైకు అందుకుని, "మన మేడంకు లెక్కలు జెర స్ట్రిక్టు, ఏమనుకోకున్రి" అన్నాడు. జనం నవ్వారు. ఎవరో "తలుపు తియ్!" అని షురూ చేస్తే గోదామంతా అందుకుంది. సార్ వైపు చూడకూడదనుకున్నాను. చూస్తే ఆయన్ని అడిగినట్టు అవుతుంది. మూడోసారి, అమ్మ మిషన్ మీద చదివిన గొంతుతో, "రెండే!" అన్నాను.

"రెండే!" అని ముందు వరసలోంచి బదులు వచ్చింది. రేకుల కప్పు మోగింది. జనం ఆగిపోయారు.

తలుపు తీయలేదు. గుంత అడుగున చెత్త తీసే చిన్న మూత పెట్టె బయటి వైపు ఉంటుంది. శ్రీకాంత్ నేల మీద బోర్లా పడుకుని, వంచిన తీగ పెట్టి పావుగంట వెతికాడు. విరిగిన పళ్లు, రబ్బరు ముక్కల మధ్య నీలం పీలిక దొరికింది. మసి పట్టి, అంచు కాలి, దాని లింక్ దానికే ఉంది. కుర్రాడు చెప్పింది నిజమే. మూడో మేకు నిండింది, నేను చెప్పాను, తలుపు తీశాను. ఆ పెద్దమనిషి అప్పటికే వెళ్లిపోయాడు. బహుమతులు నిర్వాహకుడే ముఖం ముడుచుకుని ఇచ్చాడు. అందరూ వెళ్లాక సార్ దగ్గరికి వెళ్లి, "నా అనుమానం ఉత్తదేనని తేలింది కద సార్" అన్నాను. "తేలింది. తేలాక తీశావు" అన్నారు. అంతకుమించి ఒక్క మాట మెచ్చుకోలేదు. ఆ రోజు చీలిన, ఎవరూ పారెయ్యని ఇసుక బకెట్‌ను ఎడమ చేత్తో బోర్డు కింద సరిగ్గా జరిపి, ఇంటికి వెళ్లారు.

పోయిన వానాకాలం సార్ పోయారు. నాలుగు రోజుల జ్వరం. చర్చిలో ఆయన బృందం పాడుతుంటే మంద్రస్వరం ఉండవలసిన చోట ఖాళీ స్పష్టంగా తెలిసింది. తర్వాత నెల పోటీలో నేను "మూడూ మేకుల మీదే!" అన్నాను. బదులు రాలేదు. కొత్త నిర్వాహకులకు ఆ పద్ధతి తెలియదు, నా మొహం వైపు చూస్తున్నారు. మూడూ ఉన్నాయి, తలుపు తీయొచ్చు. తీయలేదు. మళ్లీ అన్నాను. గిర్నీకి కొత్త పళ్లు బిగిస్తున్న శ్రీకాంత్ స్పానర్ కింద పెట్టి, లేచి వచ్చి, బోర్డు ముందు నిలబడి, ఒక్కో మేకు మీద వేలు పెట్టి చూశాడు. "మేకుల మీదే!" అన్నాడు. అప్పుడు తీశాను.

కింద సాన చప్పుడు ఆగింది. తాత కత్తిని గుడ్డతో తుడుస్తున్నాడు. పెడల్ వదిలేసినా చక్రం ఇంకా తిరుగుతోంది. చప్పుడు లేకుండా, ఆగినట్టే కనపడుతూ. పిల్లల్లో ఒకడి చెయ్యి మెల్లగా ముందుకు వస్తోంది. "చెయ్యి తియ్! తాతా, ఆగిందా?" అని అరిచాను. తాత ఒకసారి నన్ను చూసి, చక్రాన్ని చూసి, పిల్లవాడి చెయ్యి పక్కకు నెట్టాడు. బెల్టు ఊడదీసి, చక్రం పూర్తిగా నిలిచేదాకా ఆగి, దాని మీద తన అరచెయ్యి ఆనించి పైకి చూపించాడు. "ఆగింది బిడ్డా!"

"ఆగింది!" అన్నాను నేను. లోపలి నుంచి అమ్మ, మిషన్ ఆపకుండానే, "ఆగింది తీ, ఇగ మన కత్తులు సుత పట్టుకపో" అంది.